పదకొండో తేదీ, ఆరో నెల

జూన్ 12

మా ఆయన ఎర్రిస్వామి నిన్న లేవాలి. లేవలేదు.

ఈ కోపం ఎక్కడ మొదలైందో తర్వాత నేనే మర్చిపోతానని రాసి పెట్టుకుంటున్నాను.

నిన్న పొద్దున్నే రాగి గంజి కాచి ఫ్లాస్కులో పోసుకుని, ఆయన నీలం చొక్కా, లుంగీ సంచిలో పెట్టుకుని నిద్రశాలకు వెళ్ళాను. ఆ చొక్కా ఉతకడానికి నా వంతు నీళ్ళలోంచి ఒక బిందె తీశాను. నాలుగు నెలలు పడుకుని లేచిన మనిషి మొదట తొడుక్కునే బట్ట ఉతికినదై ఉండాలని మా గుండ్లదొడ్డిలో ఆడవాళ్ళందరికీ పట్టుదల. ఉన్న నీళ్ళు ఊరికి చాలవు గనక ఏడాదిలో నాలుగు నెలలు ప్రతి మనిషీ వంతు నిద్రకు వెళ్ళాల్సిందే. నిద్రలో ఉన్న ఒంటికి రోజుకు రెండు గుక్కలు చాలు. నీటి బోర్డు అధికారులకు మాత్రం వంతు లేదు. వాళ్ళు మేలుకుని మమ్మల్ని కాపాడాలట.

పదింటికి తెర మీద లేచినవాళ్ళ పేర్లు వెలిగాయి. ఆయన పేరు లేదు.

"ఈపొద్దు లేదు మేడమ్," అన్నాడు దస్తగిరి. నిద్రపోయేవాళ్ళను పక్కకు తిప్పి, కాళ్ళకు నూనె పట్టించే పని అతనిది. "ఒళ్ళు ఇంగా సిద్ధం కాలేదని మిషన్ సెప్తాంది."

"ఎప్పుడవుతుంది?"

"అది నాకి తెలీదు." నా మొహం చూడకుండా, నేల చూస్తూ చెప్పాడు.

బెంచీ మీద హనుమక్క కూర్చుని ఉంది. నీళ్ళ ట్యాంకరు నడుపుతుంది. నేను సాయంత్రాలు పెద్దవాళ్ళకు చెప్పే ప్రోగ్రామింగ్ క్లాసుకు ఈ మధ్యే రావడం మొదలుపెట్టింది, వెనక వరసలో కూర్చుంటుంది. ఒళ్ళో మగవాళ్ళ చెప్పుల జత ఉంది. తమ్ముడు మద్దిలేటివి. అతను మే పన్నెండున లేవాలట. నెలైంది.

"రోజూ వస్తున్నావా హనుమక్కా?"

"ట్యాంకరు కాళీ సేసినంక వస్తా. ఒళ్ళు సిద్ధం కాలేదంటారు. వాని ఒళ్ళు నాకి తెలీదా మేడమ్? రాళ్ళు కొట్టే ఒళ్ళు అది. నా సేతుల్లో పెరిగినాడు."

ఇవాళ మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ అదే మాట. గంజి ఇంటికి తెచ్చి నేనే తాగాను.

జూన్ 15

ఎదురింటి రాజేశ్వరి మొగుడు నిన్న లేచాడు, ఇచ్చిన తేదీకి సరిగ్గా. మొన్న పదమూడున లేవాల్సినవాళ్ళూ లేచారు. అందరి ఒళ్ళూ సిద్ధమవుతున్నాయి, మా ఆయన ఒళ్ళొక్కటే కావడం లేదు. తిన్నగా అధికారి గదికి వెళ్ళాను.

నిద్రశాల అధికారి ప్రభంజన్ నాకంటే చిన్నవాడు. మర్యాదగా కుర్చీ చూపించాడు. గాజు గ్లాసు నిండా నీళ్ళు పెట్టించాడు. మా ఊళ్ళో ఎవరింట్లోనూ చుట్టం వచ్చినా గ్లాసు నిండా పొయ్యరు.

"తేదీ అంచనా మాత్రమేనండీ. అసలు నిర్ణయం శరీరానిది. కొందరికి ఆలస్యమవుతుంది," అన్నాడు.

"పోయిన ఏడాది ఆయనకు ఆలస్యం కాలేదు. అంతకు ముందూ కాలేదు."

"అప్పుడు పాత ప్రోగ్రాం. ఇది మొన్న ఏప్రిల్ చివర్లోనే వచ్చింది. ఇంకా సున్నితంగా పనిచేస్తుంది."

"నేనూ ప్రోగ్రాములే నేర్పుతాను. సున్నితంగా అంటే ఏమిటో చెప్పండి, అర్థం చేసుకుంటాను."

నవ్వాడు. "టీచర్ గారూ, మీరు నేర్పేది మోటార్లు వేసి ఆపే ప్రోగ్రాములు. ఇది వైద్యం."

ఆ నవ్వు చూశాక గ్లాసు ముట్టుకోబుద్ధి కాలేదు. లేచి వచ్చేశాను. ఎండలో సగం దారి వచ్చేసరికి నాలుక పిడచ కట్టుకుపోయింది. ఆ నీళ్ళు తాగి, తర్వాత లేచి ఉండాల్సిందని నా మీద నాకే ఇంకో కోపం.

జూన్ 18

ఈ సాయంత్రం పాఠం తేదీలు.

నా క్లాసుకు వచ్చేవాళ్ళు ట్యాంకరు డ్రైవర్లు, మోటారు మనుషులు, కూరగాయలమ్మేవాళ్ళు. ఏ రోజు ఏ వీధికి నీళ్ళు వదలాలో మోటారుకు చెప్పుకోవడం వాళ్ళకు రావాలి. తేదీల దగ్గరే అందరూ తడబడతారు. మనకు తేదీ అంటే ఒక రోజు. ఆ రోజున పెళ్ళో చావో ఉంటుంది. మిషనుకు అది నాలుగు అంకెలూ మధ్యలో ఒక గీత. ఏది రోజో, ఏది నెలో మనమే చెప్పాలి. మీ పుట్టిన తేదీ ఇచ్చి అది ఏ నెలో, ఏ వారమో చెప్పించండని లెక్క ఇచ్చాను.

హనుమక్క చెయ్యెత్తింది. "మేడమ్, ఇది తిక్కతిక్కగా సెప్తాంది."

వెళ్ళి చూశాను. ఆమె కొట్టింది పుట్టిన తేదీ కాదు. 12/05. తెర మీద డిసెంబరు 5 అని వచ్చింది.

"నేను పుట్టిన తేదీ నాకి సరిగా తెలీదు. మావాని తేదీ కొట్టినా," అంది.

ప్రతి బ్యాచ్‌కీ చెప్పే మాటే మొదలుపెట్టాను. "ఇది రాసినవాళ్ళ దేశంలో నెల ముందు రాస్తారు, రోజు తర్వాత. మనం రోజు ముందు రాస్తాం. వరస నువ్వు చెప్పకపోతే అది తన అలవాటు ప్రకారం పన్నెండును నెల అనుకుంటుంది, ఐదును..."

నిద్రశాల ప్రోగ్రాం కూడా ఇలాగే చదువుతోందా?

హనుమక్క నన్నే చూస్తోంది. "14/06 కొట్టు," అన్నాను. కొట్టింది. జూన్ 14.

"ఇది మాత్రం ఎట్ల సరిగా సెప్పింది?"

"పద్నాలుగో నెల లేదు కదా. గతిలేక దాన్ని రోజు అనుకుంది. పన్నెండు దాటిన తేదీలన్నీ సరిగ్గా చదువుతుంది. పన్నెండు లోపలివి తిరగేస్తుంది."

ఈసారి నేనే 11/06 కొట్టాను. నవంబరు 6.

క్లాసులో అందరికీ నిద్రశాలలో ఎవరో ఒకరు ఉన్నారు. అందరూ మనసులో తమవాళ్ళ తేదీ తిరగేసి చూసుకుంటున్నారు.

"అయితే మద్దిలేటి ఒళ్ళు..." అంది హనుమక్క.

"ఒంటికేమీ కాలేదు హనుమక్కా. అతన్ని డిసెంబరులో లేపుదామని కూర్చుంది మిషను."

ఆమె ఏడవలేదు. లేచి బయటికి పోయి తన ట్యాంకరు టైరును కాలితో తన్నింది. ఆ చప్పుడు లోపలికి వినిపించింది. మళ్ళీ తన్నింది. మళ్ళీ.

మొదటి నెలలో నేర్చుకునే పాఠం ఇది. నా క్లాసులో ఈ తప్పు చేస్తే రెండు మార్కులు తీసేస్తాను. ఆ రెండు మార్కుల తప్పు మీద మనుషుల్ని పడుకోబెట్టి, ఒళ్ళు సిద్ధం కాలేదని మాకు వైద్యం చెప్పారు! ఇకమీద నేను నెలను అంకెల్లో రాయను.

జూన్ 19

చూపిస్తే అదిరిపడతారని అనుకున్నాను. నా పిచ్చి గానీ!

ప్రభంజన్ నేను చెప్పిందంతా తల ఊపుతూ విన్నాడు. ఒక్క ప్రశ్న వెయ్యలేదు. "పై ఆఫీసుకు రాస్తాను. పరిశీలిస్తారు," అన్నాడు. అంత నిదానంగా వినేవాడికి అది కొత్త సంగతి కాదని బయటికొచ్చాక తట్టింది.

గేటు దగ్గర దస్తగిరి నా వెనకే వచ్చాడు.

"మేడమ్, నా పేరు బయటికి రానీయొద్దు. వాళ్ళకి మే నెలలోనే తెల్సు. మన ఊరి కుళ్లాయప్ప మే ఐదున పండుకున్యాడు. సెప్టెంబరు ఐదు దాకా లేయకూడదు. నాలుగు దినాలకే, మే తొమ్మిదిన లేసి కూసున్యాడు."

మిషనులో అది 05/09. మే తొమ్మిది అని చదివింది. ఆ రోజు కుళ్లాయప్ప దుప్పటి చుట్టుకుని వీధిలోకి వస్తే ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను.

"సారు ఆపొద్దే మళ్ళా పండబెట్టించినాడు. అట్ల ముందర లేసేవాళ్ళ తేదీలన్నీ కూసోని సేత్తో సరిజేసినాడు. నేను పక్కనే ఉండా."

"ఆలస్యంగా లేచేవాళ్ళవి?"

"అవి ముట్టలేదు."

"నువ్వు అడగలేదా?"

"అడిగినా. నీ పని సూసుకో అన్న్యాడు." నిద్రశాల వైపు ఒకసారి తిరిగి చూశాడు. "ఇంగోటి మేడమ్. తేదీ దాటినోళ్ళకి ఆహారం సంచి సగమే కట్టమన్న్యాడు. నవంబరు, డిసెంబరు దాకా రావల్ల కదా అని."

మే తొమ్మిదిన తెలుసు. మద్దిలేటి లేవాల్సింది మే పన్నెండున.

వెనక్కి తిరిగి వెళ్ళి, తలుపు కొట్టకుండా లోపలికి దూరాను.

"కుళ్లాయప్ప లేచిన రోజే మీకు తప్పు తెలిసింది. నీళ్ళు ఖర్చయ్యే తప్పును ఆ రోజే దిద్దారు. నీళ్ళు మిగిలే తప్పును ఉంచుకున్నారు."

అతను లేచి తలుపు మూశాడు. "కూర్చోండి టీచర్ గారూ."

"కూర్చోను."

"తప్పు నేను చెయ్యలేదు. ప్రోగ్రాం పైనుంచి అట్లాగే వచ్చింది. కానీ మేలో నేను రిజర్వాయరు చూశాను. అడుగు బురద కనిపిస్తోంది. వాన ఆలస్యమైతే మేలుకున్నవాళ్ళకే చాలవు. వందమందికి పైగా ఇంకొన్నాళ్ళు పడుకుంటే మిగతా ఊరు గట్టెక్కుతుంది. వాళ్ళకు నిద్రలో దాహం కూడా తెలీదు. నా కుర్చీలో మీరుంటే ఏం చేసేవారు?"

"అడిగేదాన్ని."

"ఎవరిని?"

"ఊరిని. మీ వంతులో కొంచెం తగ్గించుకోండి, మీవాళ్ళను లేపుతానని."

"ఇస్తారనుకుంటున్నారా?"

"ఇవ్వకపోతే ముఖం మీదే తిట్టేదాన్ని. వాళ్ళకు తెలియకుండా, పడుకున్నవాళ్ళ నీళ్ళు వాళ్ళ చేత తాగించేదాన్ని కాదు. అవునూ, మే నుంచి మీ అధికారుల కాలనీకి వచ్చే నీళ్ళు ఎంత తగ్గించుకున్నారు?"

టేబుల్ మీద గ్లాసు ఇవాళ కూడా నిండుగానే ఉంది.

జూన్ 20

చెప్పకుండా ఉండలేకపోయాను. నిన్న సాయంత్రమే హనుమక్కకు అంతా చెప్పాను, దస్తగిరి పేరు తప్ప.

పొద్దున ఆరింటికి ఆమె నిండు ట్యాంకరు తెచ్చి అధికారుల కాలనీ గేటుకు అడ్డంగా పెట్టింది. తాళం చెవి నడుముకు దోపుకుని బంపరు మీద కూర్చుంది. మిగతా డ్రైవర్లు వచ్చి విషయం విని, వాళ్ళ బండ్లు కూడా ఆమె బండి వెనక నిలిపేశారు. ఊళ్ళో ఒక్క వీధికీ నీళ్ళు పోలేదు. ఎనిమిదింటికి జనం ఖాళీ బిందెలతో వచ్చిపడ్డారు. మొదట తిట్లన్నీ హనుమక్కకే.

నేను ట్యాంకరు మెట్టెక్కి చెప్పాను. తేదీలు, కుళ్లాయప్ప, సగం సంచులు. పడుకున్నవాళ్ళను లేపాలంటే అందరం వంతులో కొంచెం తగ్గించుకోవాలన్నాను. టీచరునని నా గొంతు మీద నాకు నమ్మకం. ఇవాళ ఆ గొంతే చీలిపోయింది.

చెప్పడం అయ్యాక అందరూ ప్రభంజన్ మీద విరుచుకుపడతారని అనుకున్నాను. రాజేశ్వరి ముందుకొచ్చింది.

"ఇంగో నెల పండుకుంటే ఏమైతాది శివలీలా? వానలు పడినంక లేపుకుందాం. మా పిల్లోళ్ళకి ఇప్పుడే సాలక సస్తాండాం."

నా ఎదురింటి మనిషి. మొన్న మొగుడు లేచాడని నాకు బెల్లం ముక్క పెట్టిన మనిషి. చెంప పగలగొట్టాలనిపించింది.

"నీ మొగుడికి పద్నాలుగో తేదీ పడింది గనక మాట్లాడుతున్నావు! పన్నెండు పడి ఉంటే ఈ గేటు నువ్వే విరగ్గొట్టేదానివి. ఇంటికెళ్ళి బిందెలో చూసుకో, ఎవరి నీళ్ళు తాగుతున్నావో!"

ఆమె ఖాళీ బిందె చంకకెత్తుకుని వెనక్కి తగ్గింది. చాలామంది తలలు దించుకున్నారు గానీ కదలలేదు. అప్పుడు జనంలోంచి ఆమె మొగుడే కర్ర ఊనుకుంటూ వచ్చాడు. లేచి వారం కూడా కాలేదు, మొహంలో ఇంకా రక్తం లేదు.

"నా వంతులో సగం రాసుకోండప్పా," అన్నాడు. "నేనిప్పుడే లేసినా. దాహం ఇంగా అలవాటు కాలేదు."

ఎవరో నవ్వారు. ఒక చెయ్యి లేచింది, తర్వాత ఇంకొన్ని, తర్వాత చాలా. అందరివీ కాదు. కొందరు బిందెలు తీసుకుని వెనక్కి వెళ్ళిపోయారు. వాళ్ళెవరో నాకు గుర్తుంది.

ప్రభంజన్ మనసు మారి మిషను గది తెరిచాడని ఎవరైనా రాస్తే నమ్మకండి. ట్యాంకరు పోక మధ్యాహ్నానికి అతని ఇంటి కుళాయి కూడా ఆగిపోయింది, అందుకు తెరిచాడు. ఊరివాళ్ళు పదిమంది వెనక నిలబడి చూస్తుండగా నేను ఆ ప్రోగ్రాం తెరిచి, రోజు ముందు, నెల తర్వాత అని వరస రాశాను. ఒకే ఒక్క వాక్యం. టీ కాచేంత సేపు కూడా పట్టలేదు. అది లేక నెలకు పైగా మనుషులు పడి ఉన్నారు.

జూన్ 21

అందరినీ ఒకేసారి లేపలేమని దస్తగిరి చెప్పాడు. ఎక్కువ ఆలస్యమైనవాళ్ళు ముందు. మద్దిలేటి మొదటి విడతలోనే ఉన్నాడు.

హనుమక్క చెప్పుల జతతో మంచం పక్కన నిలబడింది. తమ్ముడివి రాళ్ళు కొట్టిన చేతులట. మణికట్టు నా రెండు వేళ్ళ మధ్య పట్టేలా ఉంది. మంచం మీది మూత తీసిన చాలాసేపటికి కళ్ళు తెరిచాడు. అక్కను గుర్తుపట్టాడు.

"నువ్వీడుంటే ట్యాంకరెవరు తోల్తాండారక్కా?" అన్నాడు.

"నిలబెట్టి వచ్చినాలేరా. నీకోసమే నిలబెట్టినా."

గంజి రెండు స్పూన్లు తాగాడు. మూడోది పెదవి పక్కనుంచి కారిపోయింది. గుండె తట్టుకోలేకపోయిందని డాక్టరమ్మ చెప్పింది. మధ్యాహ్నం కూడా కాలేదు.

హనుమక్క చాలాసేపు అతని జుట్టు సవరిస్తూ కూర్చుంది. తర్వాత నా వైపు తిరిగింది. "తొమ్మిదో తేదీనే తెల్సు కదా మేడమ్ వాళ్ళకి?"

"తెలుసు."

"ఆ పొద్దు లేపినా వాడు నడుసుకుంటా ఇంటికొచ్చేటోడు."

అబద్ధం చెప్పి ఓదార్చడం నాకు రాదు.

జులై 2

ఎర్రిస్వామి జూన్ ఇరవై రెండున లేచాడు. బతికే ఉన్నాడు. అది రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది, రాస్తే ఏమవుతుందోనన్న భయంతో. కాళ్ళు నిలవడం లేదు. గోడ పట్టుకుని వాకిలి దాకా వచ్చి అక్కడ కూర్చుండిపోతాడు. మాటలు వెతుక్కుంటాడు. మోటార్లు విప్పి బిగించే మనిషి, నిన్న చొక్కా గుండీ పెట్టుకోలేక నన్ను పిలిచాడు.

నగరం నుంచి బోర్డు మనుషులు ఇద్దరు వచ్చి వెళ్ళారు. నివేదికలో 'సాంకేతిక లోపం' అని రాశారు. నాకు చదివి వినిపించారు, మర్యాదకు. లోపం మిషనుదైతే ముందు లేచేవాళ్ళ తేదీలు సరిచేసిన చెయ్యి ఎవరిదని అరిచాను. బల్ల మీద కొట్టాను. వాళ్ళు కాగితాలు సర్దుకున్నారు.

ఇంటికొచ్చి గిన్నెలు విసిరేస్తుంటే ఎర్రిస్వామి అన్నాడు, "నేను లేసినా కదా. ఇంగ ఇడ్సిపెట్టు లీలా."

"ఇడ్సిపెట్టను."

"నీ ఒళ్ళు పాడైతాది."

"కానీ."

ఆయన నవ్వబోయి దగ్గాడు. ఇన్నాళ్ళకు మొదటిసారి ఏడుపొచ్చింది. అది కూడా కోపంగానే వచ్చింది.

బోర్డు ఏమీ చెయ్యకపోయినా ఊరు ఊరుకోలేదు. అధికారులకూ వంతు నిద్ర ఉండాలని తీర్మానం చేసింది. ఒప్పుకోకపోతే కాలనీకి ట్యాంకరు రాదని డ్రైవర్లు చెప్పేశారు. మొదటి వంతు ప్రభంజన్‌ది.

జులై 12

నిద్రశాల తేదీలన్నీ ఇప్పుడు నేనే చూస్తున్నాను. ఊరు ఆ పని నాకు అప్పగించింది.

ప్రభంజన్ పొద్దున్నే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా లేదు, నిద్రకు తొడిగే తెల్ల గుడ్డలో చిన్నపిల్లాడిలా ఉన్నాడు. మంచం ఎక్కకుండా నా టేబుల్ దగ్గర ఆగాడు.

"టీచర్ గారూ, నా తేదీ ఒకసారి చూస్తారా?"

"మీ ముందే సరిచేశాను కదా ప్రోగ్రాం."

"అయినా ఒకసారి..."

లేవాల్సింది నవంబరు పన్నెండున. మిషను అంకెల్లో 12/11. తిరగేస్తే డిసెంబరు పదకొండు. ఒక నెల తేడా. ఒళ్ళు సిద్ధం కాలేదంటే అడిగేవాళ్ళెవరు? అతని చెయ్యి టేబుల్ అంచును పట్టుకుని ఉంది, వేళ్ళు తెల్లబడ్డాయి. భయం ఎలా ఉంటుందో అతనికి తెలుస్తుంటే చూడాలనిపించింది. చూశాను. ఆ అంకెలు నా వేలి కింద ఉన్నాయి.

గుమ్మంలో హనుమక్క నిలబడి ఉంది. నీళ్ళు దింపడానికి వచ్చి అంతా విన్నట్టుంది.

"సరిగా కొట్టు మేడమ్," అంది.

నేను ఆమె వైపు చూశాను.

"వాడు లేయల్ల. కాళ్ళు, నోరు బాగుండంగా లేయల్ల. లేసి నా ముందర నిలబడి, మా మద్దిలేటిని ఏమిటికి లేపలేదో సెప్పల్ల. ఇప్పుడడిగితే సారు భయంతో ఏదో ఒకటి సెప్తాడు. నాకి అది వద్దు."

నెలను అక్షరాల్లో రాశాను. తెరను అతని వైపు తిప్పి గట్టిగా చదవమన్నాను. చదివాడు. వినపడలేదు, మళ్ళీ చదవండి అన్నాను. మళ్ళీ చదివాడు.

దస్తగిరి మూత వేశాడు.

నవంబరు పన్నెండున నేనూ హనుమక్కా ఈ మంచం పక్కనే ఉంటాం.